నైపుణ్యం లేదనే నింద

ఉద్యోగాలు లేవని యువకులు అంటున్నారు. ఉద్యోగాలకు తగిన యువకులు లేరని యజమానులు అంటున్నారు. ఈ రెండు మాటల్లో మొదటిది పరీక్షా కేంద్రాల ముందు, రిక్రూట్‌మెంటు ర్యాలీల ముందు అందరికీ కళ్ళబడే విషయం. రెండోది వాణిజ్య మండలుల సమావేశాల్లో తయారైన సిద్ధాంతం. అయినా మన పత్రికలకు రెండోదే నచ్చింది. సంపాదకీయాలు దాన్నే వల్లిస్తున్నవి, మంత్రుల ఉపన్యాసాలు దాన్నే వల్లిస్తున్నవి. చివరకు కొడుక్కు ఉద్యోగం రాని తండ్రి కూడా “మావాడికి స్కిల్స్ లేవండీ” అని తనంతట తానే నేరం ఒప్పుకునే స్థితి వచ్చింది. దొంగలు పడిన ఇంటి యజమాని, తాళం సరిగా వేయలేదని తన చెంపలు తానే వేసుకోవటం వంటిది ఇది.

ఈ వాదాన్ని కాస్త నిదానంగా విప్పి చూడాలి. ఒక దేశంలో ఎన్ని ఉద్యోగాలు ఉండాలన్నది పెట్టుబడి ఎక్కడ పెట్టారు, ఎంత పెట్టారు, ఏ లాభం ఆశించి పెట్టారు అన్నదాన్నిబట్టి తేలుతుంది. చదువు ఆ ఉద్యోగాల కోసం నిలబడిన వరసలో ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది మార్చగలదు. వరస చివర మూసి ఉన్న కిటికీని తెరవలేదు. పది ఖాళీలకు వెయ్యిమంది వచ్చినచోట వెయ్యిమందికీ టాలీ నేర్పితే, టాలీ వచ్చిన నిరుద్యోగులు తొమ్మిదివందల తొంభైమంది తయారవుతారు. ఆ వచ్చిన పదిమందికి జీతం కూడా తగ్గుతుంది, ఎందుకంటే “నువ్వు కాకపోతే బయట ఇంకా తొమ్మిదివందల తొంభైమంది ఉన్నారు” అని యజమాని చెప్పగలుగుతాడు. కనక నైపుణ్య శిక్షణ అందరికీ ఒకేసారి మేలు చేస్తుందనేది అబద్ధం. దానివల్ల ఖాయంగా మేలు పొందేవాళ్ళు ఇద్దరు: శిక్షణ అమ్మేవాడు, శ్రమ కొనేవాడు.

గౌలిగూడ ఈ కథ చెప్పుకోటానికి తగిన చోటు. జిల్లాలనుంచి బస్సెక్కి వచ్చిన వాళ్ళకు దశాబ్దాలపాటు హైదరాబాదు అంటే మొదట గౌలిగూడ బస్టాండు ఇనుప షెడ్డు. జిల్లాల బస్సులు 1994లో ఇమ్లీబన్‌కు మారినై. ఆ షెడ్డు కూడా 2018 జులైలో ఒకనాడు కుప్పకూలింది. కాని అక్కడ దిగినవాళ్ళు నడిచిన దారి ఇప్పటికీ అదే: పుత్లీబౌలీ, కోఠీ, సుల్తాన్ బజారు, ఆబిడ్స్, నాంపల్లి. ఒకప్పుడు ఆ దారిలో మేడమెట్ల పక్కన టైపు ఇన్‌స్టిట్యూట్ల బోర్డులు కనిపించేవి. ఆ తరవాత అదే మెట్ల పక్కన డీసీఏ, పీజీడీసీఏ, డీటీపీ, టాలీ అనే అక్షరాలు వెలిసినై. పైకి చూస్తే ఇది పురోగతే: రెమింగ్టన్ పోయి కంప్యూటర్ వచ్చింది. గోద్రెజ్ కంపెనీ 2009లో టైపు మిషన్ల తయారీ కూడా ఆపేసింది.

కాని పోయినదేమిటో, వచ్చినదేమిటో లెక్క చూడండి. టైపు నేర్చుకున్న కుర్రవాడు ఇన్‌స్టిట్యూటు ఇచ్చిన కాగితం పట్టుకుని తిరగలేదు. ప్రభుత్వ సాంకేతిక విద్యామండలి పెట్టిన పరీక్ష రాశాడు. లోయరు అంటే నిమిషానికి 30 మాటలు, హయ్యరు అంటే 45. వరంగల్‌లో పాసైనా గుంటూరులో పాసైనా దాని విలువ ఒకటే. అంతకన్న ముఖ్యం, ఆ పరీక్షకు అవతల టైపిస్టు అనే ఉద్యోగం సర్వీసు నిబంధనల్లో పేరుతో సహా ఉన్నది. దానికి ఒక స్కేలు ఉన్నది, ఇంక్రిమెంటు ఉన్నది, పెన్షను ఉన్నది. ఇరవయ్యో ఏట నేర్చుకున్న వేళ్ళ నేర్పుతో రిటైరయేదాకా బతకగలిగాడు. టైపిస్టు బతుకు స్వర్గమని ఎవరూ అనరు. గుమాస్తాగిరీ ఎంత నీరసమైన పనో మన కథకులు ఒక తరం పాటు రాశారు. కాని ఆ నీరసమైన పనికి కూడా కాళ్ళకింద నేల ఉండేది.

కంప్యూటర్ కోర్సు ఆ నేల తీసేసింది. “పీజీ” అనే రెండక్షరాలు విశ్వవిద్యాలయం ఇవ్వాల్సినవి. రెండు గదులూ పది మిషన్లూ ఉన్నవాడు ఆ అక్షరాలను తన సర్టిఫికెట్టుమీద అచ్చువేసుకుని ఇస్తుంటే అడిగేవాడు లేడు. కేంద్రప్రభుత్వం 1990లో ‘ఓ’ లెవెల్, ‘ఏ’ లెవెల్ అంటూ ఒక పరీక్షావిధానం పెట్టకపోలేదు. దాన్ని నడిపే సంస్థ 2011 నుంచి నీలిట్ అనే పేరుతో ఉన్నది. ఐటీఐల్లో ఏడాదిపాటు నేర్పే ‘కోపా’ అనే కోర్సూ ఉన్నది. అవి కష్టమైన పరీక్షలు, కనక వాటి పక్కన తేలిక కాగితాల అంగళ్ళు వర్ధిల్లినై. 1978లో ఐబీఎం దేశం విడిచిపోయింది, 1981లో ఎన్‌ఐఐటీ, 1986లో ఆప్టెక్ వచ్చినై, వాటి వెనక వీధివీధికీ ఫ్రాంచైజీలు వచ్చినై. విద్యను దుకాణంలా ఫ్రాంచైజీకి ఇవ్వవచ్చునని మన దేశానికి పెద్ద ఎత్తున నేర్పింది కంప్యూటర్ కోర్సే. కార్పొరేటు జూనియర్ కాలేజీలు ఆ పాఠం ఎంత బాగా వంటబట్టించుకున్నవో తెలుగువాళ్ళకు చెప్పనక్కరలేదు.

పైగా ఈ కోర్సులకు ఆయుర్దాయం లేదు. 2000 ప్రాంతంలో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ అన్నారు, అమెరికా డాక్టర్ల మాటలు విని టైపు చేస్తే చాలు, బతుకు బంగారమన్నారు. తరవాత కాల్‌సెంటర్ అన్నారు, ఉచ్చారణ మార్చుకోమన్నారు. తరవాత టెస్టింగ్ అన్నారు, తరవాత డేటా సైన్స్ అన్నారు. ఇప్పుడు కృత్రిమ మేధ కోర్సు అంటున్నారు. విచిత్రమేమంటే ఈ చివరి కోర్సు నేర్పే యంత్రమే దానికి ముందున్న మూడు కోర్సుల ఉద్యోగాలను మింగుతున్నది. వల్లకాటి కాపరే పెళ్ళిళ్ళ పేరయ్య అవతారం ఎత్తినట్టున్నది.

ఇక్కడ ఒక పాత పుస్తకం సంగతి చెప్పాలి. కంప్యూటర్ పాఠ్యపుస్తకాల మొదటి పేజీల్లో చార్లెస్ బాబేజీ బొమ్మ వేస్తారు, కంప్యూటర్ పితామహుడని రాస్తారు. ఆ పితామహుడు 1832లో యంత్రాల గురించీ వస్తూత్పత్తి గురించీ ఒక గ్రంథం రాశాడనీ, అందులో ఏమన్నాడనీ మాత్రం చెప్పరు. పనిని ముక్కలు చేయటంవల్ల వేగం పెరుగుతుందని ఆడమ్ స్మిత్ అంతకుముందే చెప్పాడు. బాబేజీ దానికి ఇంకొక లాభం చేర్చాడు. మొత్తం పని ఒక్కడే చేసేటట్టయితే, ఆ పనిలోకెల్లా కష్టమైన భాగానికి చాలినంత నేర్పు అతనికి ఉండాలి, తేలిక భాగం చేసే గంటలకు కూడా ఆ నేర్పుకు తగిన కూలే ఇవ్వాలి. అదే ముక్కలు చేస్తే ప్రతి ముక్కకూ సరిగ్గా ఎంత నేర్పు అవసరమో అంతే కొలిచి కొనుక్కోవచ్చు. అంటే శ్రమ విభజన ముఖ్యంగా యజమానికి కూలిఖర్చు తగ్గించే పద్ధతి అన్నమాట.

బాబేజీ ఇచ్చిన ఉదాహరణ మరీ గొప్పది. ఫ్రెంచి విప్లవం తరవాత ద ప్రోనీ అనే ఇంజనీరు పెద్ద పెద్ద లాగరిథం పట్టికలు తయారుచేయించాడు. పని మూడు అంచెలు చేశాడు. పై అంచెలో అయిదారుగురు గణిత శాస్త్రజ్ఞులు సూత్రాలు నిర్ణయించారు. మధ్య అంచెలో ఏడెనిమిదిమంది వాటిని అంకెల్లోకి మార్చారు. కింది అంచెలో 60 నుంచి 80 మంది కూడికలూ తీసివేతలూ చేశారు. ఆ కింది అంచెలో నూటికి తొంభైమందికి ఆ రెండు లెక్కలు తప్ప మరేమీ రావు. అంతకన్న ఎక్కువ తెలిసిన వాళ్ళ లెక్కలకంటే వీళ్ళ లెక్కల్లోనే తప్పులు తక్కువ వచ్చినవని బాబేజీ మెచ్చుకుంటూ రాశాడు. ఆ అంచె మనుషుల పనిని యంత్రంతో చేయించవచ్చునన్న ఊహే ఆయన యంత్రాలకు మూలం.

కంప్యూటర్ కంటే ముందు కంప్యూటర్ ఆపరేటర్ పుట్టాడని దీన్నిబట్టి తెలియటం లేదా? తెలియకపోవటమే అర్హతగా ఉండే అంచె ఒకటి ముందు ఏర్పడింది. దాన్ని మింగటానికి యంత్రం తరవాత వచ్చింది. మన వీధి కోర్సుల పాఠ్యప్రణాళిక తీసి చూడండి. ఏ మెనూ కింద ఏ బొత్తాం ఉన్నదో నేర్పుతారు, ఆ బొత్తాం నొక్కితే లోపల ఏం జరుగుతుందో నేర్పరు. టాలీలో ఎంట్రీ వేయటం నేర్పుతారు, జమాఖర్చు సూత్రం నేర్పరు. ఇది పాఠం చెప్పేవాడి అసమర్థతవల్ల జరుగుతున్నదనుకుంటే పొరపాటు. అతనికి రోజుకు ఏడెనిమిది బ్యాచిలు, చాలీచాలని జీతం. పాపం, అతనూ ఒకప్పుడు అదే బెంచీమీద ఫీజు కట్టి కూర్చున్నవాడే. కొనేవాడికి ఎంత నేర్పు కావాలో అంతే కొలిచి పోస్తున్నారు, అంతే సంగతి. అమెరికాలో హారీ బ్రేవర్‌మన్ అనే కార్మికుడు, తరవాత సంపాదకుడైనవాడు, 1974లో ఈ విషయం మీదనే పెద్ద పుస్తకం రాశాడు. ఆఫీసు గుమాస్తా పనిని ఫ్యాక్టరీ పనిలా ఎలా పొడిపొడి చేశారో అందులో చూపించాడు. దాన్ని మన ఇంజనీరింగు కాలేజీల్లో ఎవరైనా చదివిస్తారా? లేదు, సాఫ్ట్ స్కిల్స్ చదివిస్తారు.

“అయితే కంప్యూటర్ నేర్చుకోవద్దంటారా? మీ పక్షంవాళ్ళు ఎప్పుడూ ఇంతే, యంత్రం కనపడితే చాలు ఎర్రజెండా ఎత్తుతారు” అని ఒక ఎత్తిపొడుపు తయారుగా ఉంటుంది. దీనికి సూటిగా జవాబు చెప్పాలి. 1960ల రెండో సగంలో కలకత్తాలో ఎల్‌ఐసీ ఉద్యోగులు ఇలాకో హౌసులో కంప్యూటర్ పెట్టనివ్వకుండా కాపలా కాసిన మాట నిజం. 1984ను కార్మిక సంఘాలు ఆటోమేషన్ వ్యతిరేక సంవత్సరమన్న మాటా నిజం. యంత్రాన్ని ఆపటం సాధ్యం కాలేదు, ఎల్లకాలం ఆపాలనుకోవటం సరికూడా కాదు. కాని వాళ్ళు అడిగిన ప్రశ్న వేరు: యంత్రంవల్ల మిగిలిన పొద్దు ఎవరిది? పది గంటల పని రెండు గంటల్లో అయితే మిగతా ఎనిమిది గంటలు కార్మికుడికి విశ్రాంతిగా వస్తాయా, యజమానికి లాభంగా పోతాయా? వాళ్ళను వెక్కిరించిన ఏ మేధావీ ఇంతవరకు ఈ ప్రశ్నకు సమాధానం చెప్పలేదు.

ఆ పోరాటం వల్ల ఏమీ రాలేదనటం కూడా చరిత్ర తెలియని మాట. బ్యాంకుల్లో 1983లోనూ, 1987లోనూ యాజమాన్యాల సంఘానికీ ఉద్యోగుల సంఘాలకూ యంత్రీకరణమీద ఒప్పందాలు జరిగినై. యంత్రాలు ఎక్కడ పెట్టాలి, ఎన్ని పెట్టాలి, ఏ పనులకు వాడాలి అన్నది రాసుకున్నారు. వాటిమీద కూర్చోటానికి ఉన్న ఉద్యోగుల్లోనుంచే మనుషులను ఎంచుకుని, శిక్షణ ఇచ్చి, ప్రత్యేక అలవెన్సు ఇవ్వాలని రాసుకున్నారు. గౌలిగూడకు కూతవేటు దూరంలో కోఠీలో స్టేట్ బ్యాంకు ఉన్నది. కాస్త అవతల గన్‌ఫౌండ్రీలో 2017 ఏప్రిల్‌లో విలీనమయేదాకా స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ ప్రధాన కార్యాలయం ఉండేది. అలాంటి బ్యాంకుల్లో లెడ్జరు మిషను ముందు మొదట కూర్చున్న గుమాస్తా దాన్ని బ్యాంకు ఖర్చుతో, బ్యాంకు వేళల్లో, జీతం తీసుకుంటూ నేర్చుకున్నాడు. నేర్చుకున్నందుకు పైన నాలుగు డబ్బులు కూడా పుచ్చుకున్నాడు. అంటే కొత్త యంత్రానికి కావలసిన నేర్పుకు ఖర్చుపెట్టవలసింది యంత్రం పెట్టేవాడే అన్న సూత్రం ఈ పేటలోనే నలభై ఏళ్ళ కిందట అమల్లో ఉన్నది.

ఇవాళ అదే పేటలో ఒక ఆటోడ్రైవరు కూతురు అదే పని నేర్చుకోటానికి తన ఫీజు తాను కట్టుకుంటున్నది, తన సాయంత్రాలు తాను పెట్టుకుంటున్నది, ఉద్యోగం రాకపోతే నష్టం తాను భరిస్తున్నది. ఖర్చు యజమాని జేబులోనుంచి కార్మికుడి జేబుకు మారింది. ఈ మార్పిడికి పెట్టిన ముద్దుపేరే ‘నైపుణ్య లోపం’. లోపం ఉన్నదని ఒప్పుకోగానే దాన్ని పూడ్చుకునే బాధ్యత మన నెత్తిన పడుతుంది. 2015లో మొదలుపెట్టిన ప్రధానమంత్రి కౌశల్ పథకం వంటివాటిలో ఫీజు ప్రభుత్వం కడుతుంది కదా అనవచ్చు. కడుతుంది, ప్రజల పన్నుల్లోనుంచి. యజమాని జేబు అప్పుడూ చెక్కు చెదరదు.

సరే, నేర్చుకున్న తరవాత ఏమవుతున్నది? బ్రోచర్లలో అద్దాల మేడలు అచ్చువేస్తారు. 1998లో సైబర్ టవర్స్ లేచిన దగ్గరనుంచి ప్రతి కోర్సు గోడమీదా ఆ గుండ్రని మేడ ఉన్నది. కాని డీసీఏ చేసిన అమ్మాయి చేరేది ఆ మేడలో కాదు. ఎమ్మార్వో ఆఫీసులో, మునిసిపల్ ఆఫీసులో, ఆస్పత్రి కౌంటర్లో, మీసేవ కేంద్రంలో. టైపిస్టు కూర్చున్న కుర్చీలోనే కూర్చుంటుంది, కాని టైపిస్టు పోస్టులో కాదు. ఆమె ప్రభుత్వ ఉద్యోగి కాదు, ఏజెన్సీ మనిషి. 2021 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం ఔట్‌సోర్సింగ్ జీతాలను 30 శాతం పెంచింది. దాంతో డేటా ఎంట్రీ ఆపరేటర్ల అంచె జీతం 15,000 నుంచి 19,500 రూపాయలయింది. పదేళ్ళ అనుభవం ఉన్నా, నిన్న చేరినా అంతే. పర్మినెంటు చేయమంటే 2006లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చూపిస్తారు. సమాన పనికి సమాన వేతనం తాత్కాలిక ఉద్యోగులకూ చెందుతుందని అదే సుప్రీంకోర్టు 2016లో జగ్జీత్ సింగ్ కేసులో చెప్పిన తీర్పు మాత్రం ఆఫీసు బీరువాల్లో ఎక్కడో జారిపోతుంది. భూముల రికార్డులు ఆమె ఎక్కిస్తుంది, పింఛన్ల జాబితాలు ఆమె ఎక్కిస్తుంది, తప్పు పడితే సస్పెన్షను కూడా లేకుండా ఇంటికి పోతుంది. ప్రభుత్వం తాను పర్మినెంటు చేయలేని నేర్పును నేర్చుకోమని ఊరూరా బోధించటం ఎంత నిజాయితీగల పని?

అద్దాల మేడలోకి వెళ్ళిన వాళ్ళ కథ వేరే దారిన నడుస్తుంది. ఆ దారి అమీర్‌పేట మీదుగా పోతుంది. మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో ఇంజనీరింగు డిగ్రీ చేతికొచ్చిన వేలమంది మళ్ళీ ఫీజు కట్టి జావా నేర్చుకుంటారు. నాలుగేళ్ళ డిగ్రీ నేర్పనిది నాలుగు నెలల్లో నేర్పుతారట! ఆ మాటే నిజమైతే నాలుగేళ్ళ ఫీజు వాపసు అడగాలి గదా, ఎవరూ అడగరు. షియాంగ్ బియావ్ అనే చైనా మానవశాస్త్రవేత్త హైదరాబాదులోనూ, ఆస్ట్రేలియాలోనూ తిరిగి తెలుగు ఐటీ కార్మికుల ఎగుమతి వ్యాపారంమీద రాసిన పుస్తకం 2007లో వచ్చింది. ఈ కార్మికుణ్ణి తయారుచేయటానికి అయే ఖర్చు ఎక్కడనుంచి వస్తున్నదని ఆయన అడిగాడు. కోస్తా వ్యవసాయంలో మిగిలిన డబ్బునుంచి, ముఖ్యంగా కట్నంనుంచి వస్తున్నదని తేల్చాడు. ప్రపంచ పెట్టుబడికి చవకగా దొరికే ప్రోగ్రామరు వెనక ఒక ఆడపిల్ల తండ్రి అమ్మిన పొలం ఉన్నదన్నమాట. దీన్ని మనవాళ్ళు ‘సక్సెస్ స్టోరీ’ అంటారు. ఇంతా చేసి, చేరేటప్పటి జీతం ఏడాదికి మూడు, మూడున్నర లక్షల దగ్గర పదిహేనేళ్ళుగా దాదాపు కదలకుండా ఉన్నది. 2025 జులైలో టీసీఎస్ ఒక్కటే పన్నెండువేలమందికి పైగా తీసేస్తామని ప్రకటించింది. వాళ్ళందరికీ స్కిల్స్ ఉన్నవి, ఏళ్ళ తరబడి ఉన్నవి. అప్పుడు మన సంపాదకులు ఏమన్నారు? ‘రీస్కిల్లింగ్’ చేసుకోవాలన్నారు.

ఇప్పుడు నాంపల్లికి వెళదాం. అక్కడ విద్యాభవన్‌లో ఇంటర్మీడియట్ బోర్డు ఉన్నది. రెండేళ్ళ వొకేషనల్ ఇంటర్ పరీక్షలు పెట్టేది ఆ బోర్డే. అందులో కంప్యూటర్ కోర్సులున్నవి, ఆఫీసు పని కోర్సులున్నవి. వాటిలో చేరేది ఎవరో ఒకసారి గవర్నమెంటు జూనియర్ కాలేజీలో హాజరుపట్టీ చూస్తే తెలుస్తుంది. డబ్బున్నవాళ్ళ పిల్లలు ఎంపీసీ, బైపీసీ చదువుతారు. కూలివాళ్ళ పిల్లలు, దళితుల పిల్లలు, పాతబస్తీ పిల్లలు వొకేషనల్ చదువుతారు. “అందరికీ డిగ్రీలెందుకు, చేతిలో ఒక పని ఉంటే చాలు గదా” అని సానుభూతితో అనే పెద్దమనుషులు చాలామంది ఉన్నారు. వాళ్ళలో ఎవరి కొడుకైనా వొకేషనల్‌లో చేరాడా?

చేరినవాడు రెండేళ్ళ తరవాత మనసు మార్చుకుని ఇంజనీరు కావాలనుకుంటే అతనికి బ్రిడ్జి కోర్సు అని ఒకటి పెట్టారు. అదనపు పాఠాలు, అదనపు పరీక్ష, అదనపు ఫీజు. అది పాసైతేనే మామూలు ఇంటర్‌తో సమానం. ఈ పేరు చాలా నిజాయితీగల పేరు. వంతెన కావాలంటే మధ్యలో అగడ్త ఉండాలి. ఎంపీసీ చదివిన పిల్లవాడు ఒకపూట కంప్యూటర్ ఆపరేటర్ ఉద్యోగానికి పోవాలనుకుంటే అతనికి ఏ బ్రిడ్జీ అక్కరలేదు. వంతెన ఒకవైపునుంచే, సుంకమూ ఒకవైపునుంచే. పదహారేళ్ళ పిల్లను కంప్యూటర్ చదువులో చేర్పించి, ఆ చదువుకు ప్రాణమైన గణితాన్ని ఆమెకు అదనపు సరుకుగా అమ్మటమేమిటి? ద ప్రోనీ కింది అంచె మన బోర్డు నియమావళిలో ఇలా బతికి ఉన్నది.

ఈ అగడ్త తవ్వటం కొత్తది కాదు. 1882లో హంటర్ కమిషన్ హైస్కూలు చదువును రెండు పాయలు చేయమన్నది, ఒకటి విశ్వవిద్యాలయానికి, రెండోది పనిపాటలకు. 1964–66 కొఠారీ కమిషనూ వృత్తివిద్య అన్నది. 1986 జాతీయ విధానం 1995 కల్లా హయ్యర్ సెకండరీ విద్యార్థుల్లో నూటికి 25 మందిని వృత్తివిద్యలోకి తెస్తామన్నది. తరవాత ఆ గడువును 2000కు జరిపారు. 2020 విధానం 2025 కల్లా విద్యార్థుల్లో సగం మందికి వృత్తివిద్య పరిచయం కావాలన్నది. గడువులు వస్తున్నవి, పోతున్నవి. పిల్లలూ తల్లిదండ్రులూ ఆ పాయలోకి ఎందుకు దిగటం లేదో ఏ కమిషనూ వాళ్ళను అడిగినట్టు లేదు. వాళ్ళకు సమాధానం బాగా తెలుసు: ఆ పాయ సముద్రందాకా పోదు.

జర్మనీని చూడండి అంటారు, అదొక అలవాటు. చూద్దాం. అక్కడి అప్రెంటిస్‌కు యజమాని జీతం ఇస్తాడు. ఆ జీతం కార్మిక సంఘాలతో కుదిరిన ఒప్పందాలను బట్టి ఉంటుంది. వారంలో కొన్నిరోజులు పని, కొన్నిరోజులు బడి. శిక్షణలో ఏం నేర్పాలన్న నిర్ణయంలో సంఘాలకు వాటా ఉన్నది. ఇదంతా 1969 చట్టంలో ఉన్నది. మనవాళ్ళు జర్మనీనుంచి శిక్షణ తెస్తామంటారు గాని జీతం తేరు, సంఘం అసలే తేరు. ఇక్కడ ఐటీ కంపెనీలకు పనిగంటల చట్టంనుంచి మినహాయింపులు ఇస్తూ, యూనియన్ పేరెత్తితే పరిశ్రమ బెంగుళూరు పోతుందని బెదిరిస్తూ జర్మనీ పేరు ఎత్తటానికి కొంత ధైర్యం కావాలి.

అంతదూరం పోనక్కర కూడా లేదు. ఆబిడ్స్‌లో జగదీష్ మార్కెట్‌కు వెళ్ళండి, కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్ళండి. అరచేయంత మదర్‌బోర్డు విప్పి, సన్నటి సోల్డరింగు కడ్డీతో పోయిన ఐసీ తీసి కొత్తది పెట్టే కుర్రవాళ్ళు కనపడతారు. వాళ్ళు ఉస్తాదు దగ్గర చోటాగా చేరి నేర్చుకున్నారు. తిట్లూ తిన్నారు, కాని చాయ్ డబ్బులూ దొరికినై. వాళ్ళ చేతిలో ఉన్నది నిజమైన సాంకేతిక పరిజ్ఞానం. కాగితం మాత్రం లేదు. కాగితం ఉన్న అమ్మాయికి పరిజ్ఞానం ఇవ్వలేదు. ఈ ఇద్దరినీ కలిపి ఒక బడిలో కూర్చోబెట్టి, వాళ్ళకు గణితమూ విద్యుత్తూ తెలుగులోనో ఉర్దూలోనో చెప్పేవాడు ఉంటే ఎలా ఉంటుంది?

తెలుగులోనా, కంప్యూటరా అని నవ్వేవాళ్ళకు ఈ పేట చరిత్రే తెలియదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో వచ్చింది. అంతకు ముందు ఏడాదే అనువాదశాఖ పెట్టారు. ఇంజనీరింగూ వైద్యమూ ఉర్దూలో చెప్పారు. గౌలిగూడ పక్కనే ఉన్న ఉస్మానియా మెడికల్ కాలేజీలో ఒక తరం డాక్టర్లు శరీరశాస్త్రం ఉర్దూలో చదువుకుని, ప్రపంచంలో ఎవరికీ తీసిపోకుండా వైద్యం చేశారు. అది మెజారిటీ తెలుగువాళ్ళ భాషను పక్కకు నెట్టి చేసిన పని, దాన్ని మరిచిపోనక్కరలేదు. కాని దేశభాషలో శాస్త్రం చెప్పటం అసాధ్యమన్న మాటను ఆ పని అబద్ధం చేసింది. ఇవాళ కోర్సు గదుల్లో నడిచేది ఇంగ్లీషూ కాదు, తెలుగూ కాదు. “ఫైల్‌ను సేవ్ యాజ్ చేసి పాత్ సెలెక్ట్ చేయండి” అనే వాక్యంలో విషయం అర్థం కావటానికి ఏ భాషా రానక్కరలేదు. కంఠస్థం చేస్తే చాలు.

మన రచయితలను కూడా ఒక మాట అనాలి. సాఫ్ట్‌వేర్ ఇంజనీరు మన కథల్లోకి త్వరగానే వచ్చాడు: అమెరికాలో ఒంటరితనం, ఫ్లాటు ఈఎంఐ, వృద్ధాశ్రమంలో తల్లిదండ్రులు. అవి రాయకూడదని కాదు. కాని ఒకప్పుడు గుమాస్తా ఆక్రమించిన చోటు ఇవాళ ఆపరేటర్‌ది, ఏజెన్సీ పేరు తప్ప తన యజమాని ఎవరో చెప్పలేని ఆ పాతికేళ్ళ అమ్మాయిది. ఆమె మన పత్రికల్లో ఎంత తరచుగా కనపడుతున్నది? మన కథలన్నీ డీటీపీ చేసిపెట్టేది ఆమే. పేజీకి ఇంత అని లెక్కగట్టి ఇచ్చేస్తున్నాం, అక్కడితో మన బాకీ తీరిందనుకుంటున్నాం.

ఏం చేయమంటారని అడుగుతారు. యంత్రం పెట్టేవాడే శిక్షణ ఖర్చు భరించాలి. పెద్ద కంపెనీల జీతాల పద్దుమీద శిక్షణ సుంకం వేయాలి. బ్రిటన్ 1964లో చట్టం చేసి ఆ పని చేసింది, అదేమీ సోషలిస్టు దేశం కాదు. ఔట్‌సోర్సింగ్‌లో ఉన్న ఆపరేటర్లకు 2016 తీర్పు ప్రకారం సమాన వేతనం ఇవ్వాలి, ఆ కుర్చీ పేరు సర్వీసు నిబంధనల్లోకి రావాలి. వీధి కోర్సులు ఇచ్చే కాగితానికి ప్రభుత్వ పరీక్ష లేకుండా ‘డిప్లొమా’ అనే పేరు వాడకుండా చేయాలి. ఇవన్నీ ఒక్కరోజులో సాధ్యమయేవి కావనీ, సంఘాలు కట్టి కొట్లాడితే తప్ప రావనీ తెలుసు. కాని ఒక్కటి మాత్రం రేపే అడగవచ్చు. వొకేషనల్ కంప్యూటర్ కోర్సులో గణితాన్ని మొదటి రోజునుంచే పెట్టి, బ్రిడ్జి కోర్సునూ దాని ఫీజునూ ఎత్తివేయమని అర్జీ రాసి, విద్యార్థులచేత సంతకాలు చేయించి తీసుకువెళ్ళవచ్చు. గౌలిగూడనుంచి విద్యాభవన్‌కు బస్సు కూడా అక్కరలేదు, నడిచి వెళ్ళే దూరమే.